నగదు సాయం – చిన్న రైతు కుటుంబపు ఏడాది లెక్క

రైతు కుటుంబాలకు నేరుగా నగదు అందించే పథకాలపై జరిగే అధ్యయనాల ప్రశ్నావళులలో ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తుంది: "అందిన సొమ్మును దేనికి వినియోగించారు?" దాని కింద విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, కూలి ఖర్చు, గృహావసరాలు, అప్పు చెల్లింపు, ఇతరములు అని గళ్ళు ఉంటాయి. మొదటి నాలుగు గళ్ళలో పడిన శాతాన్ని సద్వినియోగమనీ, మిగిలినదానిని మళ్ళింపు అనీ పట్టికలో చూపుతారు. పెట్టుబడి సాయాన్ని సాగుకే వాడేలా రైతులకు అవగాహన కల్పించాలన్న సిఫారసుతో అధ్యయనం ముగుస్తుంది. ప్రశ్న సులువైనది, లెక్కకు లొంగేది. రెండు మూడెకరాల కుటుంబం విషయంలో మాత్రం అది దాదాపు అర్థం లేని ప్రశ్న.

అటువంటి కుటుంబానికి చేను వేరు, ఇల్లు వేరు కాదు. పత్తి అమ్మిన సొమ్ము, భార్య కలుపు కూలికి వెళ్ళి తెచ్చిన సొమ్ము, పాలు పోసిన సొమ్ము, ప్రభుత్వం జమ చేసిన సొమ్ము అన్నీ ఒకే చేతి సంచిలో పడతాయి. సాయం సొమ్ముతో డీఏపీ కొన్నానని రైతు చెప్పిన మాట నిజమే కావచ్చు. అయితే ఆ సాయం రాకపోయి ఉంటే డీఏపీకి వెళ్ళవలసిన కూలి డబ్బు ఆసుపత్రికి వెళ్ళి ఉంటుంది. ఆసుపత్రికి ఖర్చు చేశానన్న పొరుగు రైతు కూడా లెక్కలో సరిగ్గా అదే పని చేసి ఉంటాడు. ప్రశ్నావళిలో మొదటివాడు సద్వినియోగం చేసినవాడు, రెండవవాడు మళ్ళించినవాడు! ఉత్పత్తిదారు, వినియోగదారు, కూలీ అన్న మూడు పాత్రలను ఒకే కుటుంబం పోషిస్తున్నప్పుడు ఆ మూడింటి నిర్ణయాలను విడదీసి చూడరాదని వ్యవసాయ కుటుంబ నమూనాల పేరిట అర్థశాస్త్రం 1980ల నుండి చెబుతూనే ఉన్నది. విస్తరణ పరిశోధన ఆ పాఠాన్ని ఇంకా పూర్తిగా ఒంటపట్టించుకోలేదు.

దేనికి ఖర్చయిందన్న దానికంటే ఏ తేదీన చేతికందింది, ఎవరి పేరున అందింది అన్న రెండు ప్రశ్నలు ఎక్కువ విషయం చెబుతాయి. తెలుగు రాష్ట్రాల అనుభవమే ఇందుకు తగిన ఆధారం. తెలంగాణలో 2018 మే 10న హుజూరాబాద్ వద్ద ప్రారంభమైన రైతుబంధు ఎకరాకు ప్రతి పంటకాలానికి రూ. 4,000 చొప్పున, 2019 నుండి రూ. 5,000 చొప్పున ఇచ్చింది. 2018 డిసెంబరు నుండి వర్తించిన పీఎం-కిసాన్ భూమి గల కుటుంబానికి ఏడాదికి రూ. 6,000ను మూడు విడతలలో ఇస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 15న మొదలైన రైతు భరోసా ఎకరాలతో నిమిత్తం లేకుండా, కేంద్ర సాయంతో కలిపి, కుటుంబానికి రూ. 13,500 అన్న పద్ధతిని ఎంచుకొన్నది. 2025లో తెలంగాణ ఎకరాకు ఏడాదికి రూ. 12,000కు, ఆంధ్రప్రదేశ్ అన్నదాత సుఖీభవ పేరిట కేంద్ర సాయంతో కలిపి కుటుంబానికి రూ. 20,000కు చేరాయి. మొత్తాలపై చర్చ చాలా జరిగింది. ఎన్నికల వేదికలపైనా అదే జరిగింది. తేదీలపై జరగవలసినంత జరగలేదు.

నల్లగొండ, నాగర్‌కర్నూల్ ప్రాంతపు చెలకల్లో రెండెకరాలు వర్షాధారంగా పత్తి వేసే ఒక కుటుంబాన్ని ఊహించుకొంటే తేదీల విలువ తేటపడుతుంది. జూన్ మధ్య నుండి విత్తే పని. 475 గ్రాముల బీటీ-2 విత్తన ప్యాకెట్ గరిష్ఠ ధర 2025 వానాకాలానికి రూ. 901, ఎకరాకు రెండు చొప్పున నాలుగు ప్యాకెట్లకు రూ. 3,604. భాస్వరం కొరకు ఎకరాకు ఒక బస్తా చొప్పున రెండు డీఏపీ బస్తాలకు రూ. 2,700. నత్రజని కొరకు నాలుగు యూరియా బస్తాలకు రూ. 1,066. మొత్తం రూ. 7,370. పొటాష్, దుక్కి, ట్రాక్టరు కిరాయి, కలుపు, మందుల పిచికారీ దీనికి అదనం. ఎకరాకు రూ. 6,000 చొప్పున పంటకాలానికి అందే రూ. 12,000 ఈ తొలి ఖర్చులకు చక్కగా సరిపోతుంది. అయితే ఆ సొమ్ము జూన్‌లో చేతిలో ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది.

జూన్ పన్నెండు నాటికి బడులు కూడా తెరుచుకొంటాయి. నోటు పుస్తకాలు, బట్టలు, ప్రైవేటు బడి అయితే మొదటి వాయిదా ఫీజు, అన్నీ విత్తనాల ఖర్చుతో ఒకేసారి తలుపు తడతాయి. గత పత్తి డబ్బు చేతికి వచ్చి అప్పటికి ఐదారు నెలలు దాటి ఉంటుంది. ఏడాదిలో కుటుంబం చేతిలో నగదు అతి తక్కువగా ఉండే కాలమూ, పంటకు అతి ఎక్కువగా కావలసిన కాలమూ ఒకటే కావడం వర్షాధార వ్యవసాయపు శాపం. ఈ ఖాళీని పూడ్చేది ఎరువుల దుకాణపు ఖాతా లేదా నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చే అప్పు. మూడు రూపాయల వడ్డీకి జూన్‌లో తెచ్చిన రూ. 10,000 డిసెంబరులో తీరిస్తే ఆరు నెలలకు వడ్డీ రూ. 1,800. అదే పదివేల సాయం జూన్‌కు బదులు డిసెంబరులో అందితే కాగితంపై పదివేలే. ఇంటి లెక్కలో మాత్రం ఎనిమిది వేల రెండు వందలు.

వడ్డీ కంటే ఖాతా మరింత బరువైనది. ఖాతాపై మందులు, ఎరువులు ఇచ్చిన దుకాణదారు ఏ కంపెనీ మందు చేతిలో పెడితే అదే పిచికారీ అవుతుంది. అవసరం లేని మందును వద్దనే స్వేచ్ఛ అప్పున్న రైతుకు ఉండదు. సమగ్ర సస్యరక్షణపై ఎన్ని శిక్షణలు ఇచ్చినా పొలంలో ఫలితం కనిపించకపోవడానికి గల కారణాలలో ఇది ఒకటి. పంట కూడా అదే దుకాణదారుకు, లేదా అతడు చూపిన దళారికి, అతడు చెప్పిన ధరకు పోతుంది. సకాలంలో అందిన నగదు చేసే అతి పెద్ద మేలు ఈ కట్టు సడలించడం. దుకాణంలో నగదు ఇచ్చి బిల్లు అడిగే రైతు, ఖాతా పుస్తకంలో వేలిముద్ర వేసే రైతు ఒకటే విస్తరణ సలహాను విన్నా ఆచరించే తీరు వేరుగా ఉంటుంది.

సిఫారసుల విషయమే తీసుకొంటే, పత్తికి నత్రజనిని విత్తిన 20, 40, 60, 80 రోజులకు నాలుగు దఫాలుగా వేయాలన్నది శాస్త్రీయ సూచన. జూన్ చివర విత్తిన చేనుకు ఇది జూలై మధ్య నుండి సెప్టెంబరు మధ్య వరకు సాగే ఖర్చు. ఆ కాలంలో ఇంటికి వచ్చే నగదు కూలి డబ్బే. విడతలు దాటవేసి ఉన్నప్పుడు ఒకేసారి యూరియా చల్లే రైతును అవగాహన లేనివాడని రాసేముందు, రెండవ దఫా నాటికి అతని చేతిలో ఒక బస్తా డబ్బున్నదా అని అడిగితే జవాబు వేరుగా రావచ్చు.

పీఎం-కిసాన్ నియమం ప్రకారం ఏడాదిలో విడతలు ఏప్రిల్–జూలై, ఆగస్టు–నవంబరు, డిసెంబరు–మార్చి. నియమం బాగానే ఉంది. ఆచరణలో 2024లో పదిహేడవ విడత జూన్ 18న విడుదలయింది. విత్తనాల వేళకు అందినట్లే. 2025లో ఇరవయ్యవ విడత ఆగస్టు 2న వచ్చింది. అప్పటికి పత్తి పైరు నెల దాటి ఉంటుంది. అన్నదాత సుఖీభవ తొలి విడత కూడా అదే రోజున, కేంద్ర సాయంతో కలిపి రూ. 7,000గా జమ అయింది. గోదావరి, కృష్ణా డెల్టాలలో నాట్ల కాలానికి అది కొంతవరకు ఉపయోగపడే తేదీ. అనంతపురం వేరుశనగ రైతుకు మాత్రం విత్తనకాయ కొనే వేళ దాటిపోయిన తేదీ. తెలంగాణలో 2024 వానాకాలంలో ఎకరా సాయం జమ కాలేదు. కొత్త రూపంలో అది 2025 జనవరి 26న మొదలయింది. ఆలస్యాలకు ఆర్థిక కారణాలు, ఎన్నికల నియమావళి, రికార్డుల సవరణ వంటివి ఎన్నో ఉండవచ్చు. వాటి మంచిచెడ్డలు వేరే చర్చ. వస్తుందో రాదో తెలియని సొమ్మును నమ్మి ఏ కుటుంబమూ పంట ప్రణాళిక వేసుకోదు; అప్పు ముందుగానే మాట్లాడుకొంటుంది. ఆ తరువాత సాయం వచ్చినా అది అప్పు తీర్చడానికే పోతుంది. ప్రశ్నావళి దానిని మళ్ళింపు గడిలో నమోదు చేస్తుంది! 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పథకం మే నెలలో రూ. 7,500, అక్టోబరులో రూ. 4,000, జనవరిలో రూ. 2,000 అని ముందుగా నెలలు ప్రకటించిన పద్ధతికి ఈ దృష్టితో ఇవ్వవలసిన విలువ ఇవ్వలేదు.

గృహావసరాల గడిలోకి వెళ్ళే సొమ్ము వృథా కాదనడానికి పత్తి అమ్మకమే మంచి ఉదాహరణ. తొలి ఏరుడు అక్టోబరులో, దసరా ముందు వెనుకలుగా మొదలవుతుంది. ఏరిన కూలీలకు కిలోల లెక్కన ఆ వారమే నగదు ఇవ్వాలి. పండుగ ఖర్చు ఎదుట ఉంటుంది. భారత పత్తి సంస్థ కేంద్రంలో పూర్తి మద్దతు ధర కావాలంటే తేమ 8 శాతం ఉండాలి. 12 శాతం దాటితే కొనరు. వాన తడి తగిలిన తొలి పత్తి ఆరాలంటే రోజులు పడుతుంది, కేంద్రంలో వంతు రావాలంటే మరికొన్ని రోజులు, ఖాతాలో జమ కావాలంటే ఇంకొన్ని. ఇంటి ముందు వ్యాను నిలిపిన వ్యాపారి తడి పత్తినే తూచి చేతిలో నగదు పెడతాడు. మద్దతు ధరకూ ఆ ధరకూ క్వింటాలుకు రూ. 500 తేడా ఉన్నదనుకొన్నా, పది క్వింటాళ్ళపై నష్టం రూ. 5,000. దసరా ముందు కుటుంబానికి మూడు నాలుగు వేలు అంది, దానితో కిరాణా సరుకులు, కూలి బాకీ గడిచిపోతే పత్తి ఆరేదాకా ఆగే ఓపిక వస్తుంది. బియ్యానికీ నూనెకూ ఖర్చయిన ఆ నాలుగు వేలే పత్తి ధరను నిలబెడతాయి. తేమ శాతంపై రైతులకు పాఠం చెప్పే కరపత్రాలు ఎన్నో వచ్చాయి. ఆగడానికి కావలసిన నగదు గురించి వాటిలో ఒక్క వాక్యమైనా ఉండదు.

నగదు ఇస్తే తాగుతారన్న మాట గ్రామాలలోనే కాదు, శిక్షణ తరగతులలోనూ వినిపిస్తుంది. దీనిపై చర్చను పొడిగించవలసిన అవసరం లేదు. డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా వివిధ దేశాలకు చెందిన 19 అధ్యయనాలను సమీక్షించి, నగదు సాయం వలన మద్యం, పొగాకుపై ఖర్చు చెప్పుకోదగినంతగా పెరగలేదని తేల్చారు. పని మానేస్తారన్న అనుమానాన్ని కూడా అభిజిత్ బెనర్జీ, రెమా హన్నా తదితరులు ఆరు దేశాల ఏడు ప్రయోగాలను తిరిగి విశ్లేషించి కొట్టివేశారు. మన దేశంలో 2011–12లో మధ్యప్రదేశ్ గ్రామాలలో సేవా సంస్థ యూనిసెఫ్ తోడ్పాటుతో జరిపిన ప్రయోగంలో పెద్దలకు నెలకు రూ. 200, పిల్లలకు రూ. 100, తరువాత రూ. 300, రూ. 150 చొప్పున ఇచ్చారు. అక్కడ కూలి పని నుండి సొంత చేను పని వైపు మొగ్గు పెరిగింది. హైదరాబాద్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త శరత్ దావల ఆ ప్రయోగంపై వెలువడిన గ్రంథానికి రచయితలలో ఒకరు. మెక్సికోలో గ్రామీణ పేద కుటుంబాలు తమకందిన నగదులో సుమారు నాలుగవ వంతును కోళ్ళు, పశువులు, చేను వంటి వాటిలో పెట్టినట్లు పాల్ గెర్ట్లర్ బృందం 2012లో చూపింది. మిగతా మూడు వంతులు తిండికీ బట్టకూ వెళ్ళాయి. పేద ఇంట ఆ నిష్పత్తి ఆశ్చర్యపరచవలసినది కాదు.

రెండవ ప్రశ్న, ఎవరి పేరున అందిందన్నది, మరింత చేదైనది. ఎకరా లెక్కన ఇచ్చే సాయం భూమితోపాటు పెరుగుతుంది. ఏడాదికి ఎకరాకు రూ. 12,000 అంటే రెండెకరాల కుటుంబానికి రూ. 24,000, పదెకరాల ఆసామికి రూ. 1,20,000. దీనిని పెట్టుబడి ప్రోత్సాహకం అనవచ్చును గాని పేదరిక నిర్మూలన అనడం కష్టం. పదెకరాలలో ఆరెకరాలు కౌలుకిచ్చి పట్నంలో ఉండే పట్టాదారుకు అందేది రెండూ కాదు, భూమిపై అదనపు ఆదాయం మాత్రమే. దుక్కి దున్నినవాడు, అప్పు తెచ్చినవాడు, పంట పోతే మునిగేవాడు కౌలుదారు. అమెరికాలో వ్యవసాయ సబ్సిడీలపై బారెట్ కిర్వన్ 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సాగుదారుకు ఇచ్చిన సబ్సిడీలో సుమారు పావు వంతు పెరిగిన కౌలు రూపంలో యజమానికి చేరింది. సాగుదారు చేతికి ఇచ్చినా పావు వంతు జారిపోతే, నేరుగా యజమాని ఖాతాకు వేసిన సొమ్ము కౌలు తగ్గింపు రూపంలో సాగుదారుకు చేరుతుందని ఆశించడానికి ఆధారమేమిటో చెప్పడం కష్టం.

ఆంధ్రప్రదేశ్ ఈ దిశలో ప్రయత్నం చేసింది. 2011 నాటి చట్టం కౌలుదారుకు గుర్తింపు కార్డు ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల సాగు హక్కు పత్రాన్ని తెచ్చింది. యజమాని ఒప్పందంపై సంతకం చేస్తేనే పత్రం అన్న నిబంధన దానికి గుదిబండ అయింది. సంతకం పెడితే భూమిపై హక్కు అడుగుతాడేమోనన్న భయం తరతరాలుగా ఉన్నది. ఆ భయం పోగొట్టే పని రెవెన్యూ శాఖదే అనుకోవడం విస్తరణ వ్యవస్థకు సులువు. నిజానికి పొలంలో ఎవరు సాగు చేస్తున్నారో పంట నమోదు వేళ కళ్ళారా చూసేది వ్యవసాయ సిబ్బందే.

ఇంటి లోపల మరొక గీత ఉన్నది. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల నిర్వాహకులలో మహిళలు దాదాపు 14 శాతం. పట్టా ఎవరిదో ఖాతా వారిది. సందేశం వచ్చే ఫోను వారిది. స్వయం సహాయక సంఘం పొదుపు, సూక్ష్మరుణ సంస్థ వారపు కిస్తు, ఉప్పు పప్పుల లెక్క ఇల్లాలివి. మధ్యప్రదేశ్ ప్రయోగంలో ప్రతి వయోజనురాలికి విడిగా, పిల్లల వాటా తల్లి పేరున ఇచ్చారు. మన పెట్టుబడి పథకాల మదింపులో ఇంటి యజమానిని మాత్రమే ఇంటర్వ్యూ చేసి 'కుటుంబ అభిప్రాయం' అని రాయడం ఇకనైనా మానవలసిన అలవాటు.

నగదు సాయం సర్వరోగ నివారిణి కాదు. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం, తెలంగాణలో దాదాపు 92 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పులలో ఉన్నాయి. సగటు అప్పు వరుసగా సుమారు రూ. 2.45 లక్షలు, రూ. 1.52 లక్షలు. దేశ సగటు రూ. 74,121 మాత్రమే. ఈ అప్పును పన్నెండు వేలు తీర్చలేవు. కల్తీ విత్తనానికి, కూలిపోయిన ధరకు, ఎండిన బోరుకు నగదు బదులు కాదు. సాయం ఇస్తున్నామన్న పేరున విత్తన పరీక్ష, పంటల బీమా, క్షేత్ర సిబ్బంది నియామకం వెనుకబడితే కుటుంబం ఒక చేత్తో పుచ్చుకొన్నదానికంటే ఎక్కువ మరొక చేత్తో పోగొట్టుకొంటుంది. బ్యాంకులో పడిన సాయాన్ని పాత బాకీ కింద జమ కట్టుకోవద్దని ప్రభుత్వాలు పదేపదే ఆదేశించవలసి రావడం కూడా గుర్తుంచుకోవలసిన విషయమే.

విస్తరణ శాస్త్రవేత్త చేయగలిగినది చిన్నదే గాని నిర్దిష్టమైనది. పంటల వారీగా సిఫారసుల పుస్తకాలలో ఎకరా ఖర్చు ఒకే మొత్తంగా ఉంటుంది. దానిని పక్షం వారీ నగదు అవసరంగా విడగొట్టి, ఆ పక్షంలో ఆ మండలపు కుటుంబానికి రాగల ఆదాయం పక్కన పెట్టి చూపితే, ఏ పక్షంలో గండి పడుతున్నదో ఏ అధికారికైనా అర్థమవుతుంది. ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు తమ పరిధిలోని రెండు మూడు ప్రధాన పంటలకు దీనిని ఒక్క ఏడాదిలో తయారు చేయగలవు. స్నాతకోత్తర విద్యార్థికి ఇరవై కుటుంబాల నగదు రాకపోకలను ఏడాది పొడవునా పక్షానికొకసారి నమోదు చేయడం, నూట ఇరవై మందిని ఒక్కసారి ప్రశ్నించడం కంటే కష్టమైన పని. ఫలితం మాత్రం పట్టికలకే పరిమితం కాదు.

తేదీ కనుక్కోవడానికి పెద్ద యంత్రాంగం కూడా అక్కరలేదు. 2018లో రైతుబంధు చెక్కుల పంపిణీపై కార్తీక్ మురళీధరన్ బృందం తెలంగాణలో ఒక ప్రయోగం చేసింది. అప్పటి లబ్ధిదారులు సుమారు 57 లక్షల మంది. పంపిణీ పనితీరును రైతులకు ఫోన్ చేసి కనుక్కొంటామని, యాదృచ్ఛికంగా ఎంచిన ప్రాంతాలలో అధికారులకు ముందుగా తెలియజేశారు. ఆ చోట్ల సాయం అందనివారి సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి వంద రూపాయలకు అయిన ఖర్చు నాలుగు రూపాయల లోపే. ఆ ఫోనులోనే మరి మూడు ప్రశ్నలు చేర్చవచ్చు: ఏ తేదీన చేతికందింది, ఆనాటికి చేను ఏ దశలో ఉన్నది, అంతకుముందు విత్తనం ఎవరి దగ్గర అప్పుకు తెచ్చారు.